బొడ్డూడేదాకా

(తిరుపతిలో ఆశా కార్యకర్తలకు, నెలలు నిండుతున్న తల్లులకు, వాళ్ళ వెంట వచ్చిన పెద్దవాళ్ళకు ఒక విశ్రాంత నర్సు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకు రండమ్మా, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కడుపుతో ఉన్నవాళ్ళు ఫ్యాను కింద కూర్చోండి. అవ్వలు మాత్రం నా ఎదురుగానే కూర్చోవాల. ఈరోజు నేను మాట్లాడేది ఎక్కువగా మీతోనే. డాక్టరు ఏం చెప్పినా, ఇంటికి పోయినాక నడిచేది మీ మాటే కదా. (నవ్వులు)

నన్ను మాట్లాడమన్నది బొడ్డు గురించి. ముప్పై ఏళ్ళకు పైన నర్సు పని చేసినాను, అందులో ఎక్కువ కాలం కాన్పుల గదిలోనే. ఎన్ని బొడ్లు కోసినానో లెక్క పెట్టుకోలేదు. మన మాటల్లోనే బొడ్డు ఎన్నిసార్లు వస్తుందో చూడండి. సొంత ఊరంటే బొడ్డు పాతిన ఊరు. ఒకడి మీద పెద్దరికం చూపించాలంటే 'నీకు బొడ్డు కోసి పేరు పెట్టింది నేనే' అంటాం. వయసుకు మించి ఎగిరేవాణ్ణి 'బొడ్డూడనోడు' అంటాం. ఇంక మన ఊరి సంగతి చెప్పేదేముంది, కొండ మీద సామికి ఉన్న పేర్లలో పద్మనాభుడు ఒకటి. బ్రహ్మదేవుడు పుట్టిందే ఆయన బొడ్డులోంచి లేచిన తామర మీద. అంత గొప్ప బొడ్డును మనం బిడ్డ పుట్టినాక ఎట్ల చూస్తాం? పట్టించుకోకుండా వదిలేస్తామా అంటే, కాదు. అతిగా పట్టించుకుంటాం. నా గొడవంతా అక్కడే.

ముందు అదేందో చూద్దాం. బొడ్డుపేగు అంటాం గానీ అది పేగు కాదు. తిండి అందులో పోదు. అవి మూడు రక్తనాళాలు, ఒకదానికొకటి మెలికపడి ఉంటాయి. ఒక పెద్ద సిర, రెండు ధమనులు. వాటి చుట్టూ తెల్లగా, జారుడుగా ఒక గుజ్జు. లేత తాటిముంజ పగలగొడితే లోపల ఎట్ల ఉంటుంది, అట్ల. లండన్‌లో థామస్ వార్టన్ అనే వైద్యుడు 1656లో దాని గురించి రాసినాడు, ఇప్పటికీ దాన్ని వార్టన్ జెల్లీ అనే అంటారు. బిడ్డ కడుపులో పొర్లినా తన్నినా నాళాలు నలిగిపోకుండా కాపాడేది ఆ గుజ్జే. పొడవు యాభై అరవై సెంటీమీటర్లు. పూలమ్మే ఆమె మోచేతితో కొలిచే మూర ఉంది చూడండి, దానికంటే కొంచెం ఎక్కువ.

ఇంకో వింత ఏమంటే, మన ఒంట్లో ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం అని బడిలో చదువుకున్నాం కదా. ఇక్కడ అది తిరగబడుతుంది. మాయ అంటే గర్భసంచి గోడకు అంటుకుని ఉండే ప్లాసెంటా. అక్కడి నుంచి ప్రాణవాయువుతో నిండిన రక్తాన్ని బిడ్డకు తెచ్చేది సిర. వాడిన రక్తాన్ని వెనక్కి తీసుకుపోయేవి ధమనులు. తల్లి రక్తమే బిడ్డలోకి పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. మాయ దగ్గర రెండు రక్తాలూ పక్కపక్కన పారతాయి, మధ్యలో సన్నటి తెర. కావలసినవి ఆ తెర దాటుతాయి. బొడ్డుతాడులో ఉన్నది మొత్తం బిడ్డ రక్తమే. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి, దీంతోనే పని ఉంది.

బిడ్డ బయట పడిన క్షణాన తన రక్తంలో ఇంచుమించు మూడో వంతు ఇంకా మాయలోనే ఉంటుంది. ఎక్కడికీ పోలేదు, దారిలో ఉంది. తాడు పట్టుకుంటే నాడి కొట్టుకుంటూ ఉంటుంది. కొత్తవాళ్ళు ఒకసారి పట్టి చూడండి, చేతికి తెలుస్తుంది. నెలలు నిండిన బిడ్డకు తాడు కోయకుండా ఒక్క నిమిషం ఆగితే 80 మిల్లీలీటర్ల దాకా, మూడు నిమిషాలు ఆగితే 100 దాకా రక్తం వచ్చి చేరుతుంది. బస్టాండులో టీకొట్టువాడిచ్చే చిన్న గ్లాసు నిండా అనుకోండి. మీకూ నాకూ అది ఒక లెక్క కాదు. మూడు కిలోల బిడ్డకు?

మేం ఏం చేసినామో చెప్తాను. తల రావడం, భుజాలు రావడం, బిడ్డ రావడం, టక్కున రెండు క్లాంపులు, మధ్యలో కత్తెర. పది సెకన్లు. చేయి ఎంత చురుగ్గా ఉంటే అంత మంచి సిస్టరు అని పేరు. వెంటనే కోస్తే తల్లికి రక్తం పోవడం తగ్గుతుందని మాకు నేర్పినారు, మేం మా కింద వచ్చిన పిల్లలకు నేర్పినాం. తరువాత పరిశోధనలు చేసి చూస్తే, ఆగినంత మాత్రాన తల్లికి రక్తస్రావం పెరగదని తేలింది. రక్తస్రావం ఆగడానికి తల్లికిచ్చే సూది ఎట్లాగూ ఇస్తారు, దాని దారి దానిదే. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది నిమిషానికి ముందు కోయవద్దని, ఒకటి నుంచి మూడు నిమిషాల మధ్య కోయమని. చార్లెస్ డార్విన్ ఉన్నాడే, కోతి నుంచి మనిషి అంటారు చూడండి, ఆయన తాత ఎరాస్మస్ డార్విన్ కూడా వైద్యుడే. బొడ్డు తొందరపడి కట్టి కోయడం బిడ్డకు చాలా చెరుపు, తాడులో నాడి ఆగేదాకా ఉంచండని 1801లోనే రాసిపెట్టినాడు. రెండు వందల ఏళ్ళు పట్టింది మాకు తెలివి రావడానికి. మా అవ్వ కాలంలో మంత్రసానులు మాయ పడేదాకా బొడ్డు ముట్టేవాళ్ళు కాదు. వాళ్ళకు కారణం తెలియదు గానీ ఆ ఒక్క విషయంలో మాకంటే మేలు.

ఆ గ్లాసెడు రక్తంలో ఉన్నది ఇనుము. తల్లిపాలు అమృతమే, కానీ వాటిలో ఇనుము తక్కువ. మొదటి ఆరు నెలలూ బిడ్డ బతికేది పుట్టినప్పుడు తెచ్చుకున్న నిల్వ మీద. మన దేశంలో ఆరు నెలలు దాటిన పిల్లల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల దాకా, నూటికి 67 మందికి రక్తం తక్కువ అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంగన్‌వాడీలో చిక్కీలు పంచుతున్నాం, సిరప్పులు పోస్తున్నాం. పుట్టిన నిమిషంలో ఊరికే వచ్చేదాన్ని మాత్రం మాయతో పాటు బకెట్లో పారేసినాం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే ఇది ఇంకా ముఖ్యం, వాళ్ళకు రక్తం ఎక్కించే అవసరం తగ్గుతుంది, బతికే అవకాశం పెరుగుతుంది.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది, దాచను. ఆగి కోసిన బిడ్డల్లో కామెర్లకు లైటు కింద పెట్టాల్సి వచ్చేవాళ్ళు కొంచెం ఎక్కువ. అందుకని మూడో రోజు, నాలుగో రోజు బిడ్డను వెలుతురులో పెట్టి ఒళ్ళు, కళ్ళు చూడండి. ఇంకోటి, బిడ్డ ఏడవకుండా నీలంగా ఉండి ఊపిరి అందించాల్సి వస్తేనో, తల్లికి విపరీతంగా రక్తం పోతుంటేనో ఆగమని పట్టుబట్టేది లేదు. అప్పుడు డాక్టరు ఏది చేస్తే అది.

(సభలో నుంచి ఒకరు: ఆపరేషన్ అయితే?)

సిజేరియన్‌లోనూ ఆగచ్చమ్మా. ముందే అడగండి. కాన్పు గదిలోకి పోయినాక నొప్పుల్లో ఎవరికి గుర్తుంటుంది, తొమ్మిదో నెల చూపించుకునేటప్పుడే 'బొడ్డు కోసేముందు ఒక నిమిషం ఆగుతారా మేడమ్' అనండి. కోప్పడేవాళ్ళు తక్కువ.

కోయడం దాకా అయింది. కోసేటప్పుడు బిడ్డకు నొప్పి తెలుస్తుందా అని ప్రతి తండ్రీ అడుగుతాడు. తెలియదు, ఆ తాడులో నొప్పి తెలిపే నరాలు లేవు. వెంట్రుక కోసినట్టే. సుశ్రుత సంహితలో బొడ్డు కోసే పద్ధతి ఉంది. నాభి దగ్గర నుంచి ఎనిమిది అంగుళాలు కొలిచి, దారంతో కట్టి, కోసి, ఆ దారం కొసను బిడ్డ మెడకు కట్టమంటాడు. అంగుళం అంటే ఇంచి కాదు, వేలి వెడల్పు. మన ఎస్వీ ఆయుర్వేద కాలేజీ పిల్లలకు ఈ శ్లోకం నోటికి వస్తుంది. చరకుడు ఇంకో అడుగు ముందుకేసి, బొడ్డు పుండు పడితే ఏ తైలం పూయాలో కూడా చెప్పినాడు. అంటే బొడ్డు చీము పట్టడం ఆ కాలానికే తెలిసిన బాధ. ఇప్పుడు మేం పొట్టకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ప్లాస్టిక్ క్లిప్పు పెట్టి, కొత్త బ్లేడుతోనో శుద్ధి చేసిన కత్తెరతోనో కోస్తాం. మెడకు మాత్రం ఏమీ కట్టం.

ఇప్పుడు మా అవ్వ గురించి చెప్పాల. మాది పలమనేరు పక్క పల్లె. మా అవ్వ మంత్రసాని. చుట్టుపక్కల ఎవరికి నొప్పులు వచ్చినా ఎద్దులబండి మా ఇంటి ముందుకే వచ్చేది. కొడవలితో కోసేది. కోసినచోట పొయ్యిలో పిడక బూడిద అద్దేది, రక్తం ఆగుతుందని. నాకంటే ముందు మా అమ్మకు ఒక మగబిడ్డ పుట్టినాడంట. బొద్దుగా, పాలు బాగా తాగేవాడంట. ఆరో రోజు సాయంత్రం పాలు పట్టలేకపోయినాడు. నోరు తెరుచుకోలేదు. ఏడో రోజు ఒళ్ళు కట్టెలాగా బిగుసుకుంది, గిన్నె కింద పడిన చప్పుడుకే విలవిల్లాడిపోయేవాడంట. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టినారు. ఎనిమిదో రోజు పోయినాడు. ఆ బిడ్డ బొడ్డు కోసింది మా అవ్వే.

నేను నర్సింగులో చేరినాక ఒకరోజు క్లాసులో మేడమ్ ధనుర్వాతం గురించి చెప్తున్నారు. మట్టిలో, పేడలో ఉండే సూక్ష్మజీవి. దానికి గాలి తగలని, చచ్చిన కండ కావాల. కోసిన బొడ్డు మొదలు దానికి కుదిరినట్టు ఉంటుంది. మొదటి రెండు రోజులు బిడ్డ మామూలుగా పాలు తాగుతుంది, మూడో రోజు తరువాత ఎప్పుడైనా తాగలేకపోతుంది, దవడ బిగుస్తుంది, చప్పుడుకు వెలుతురుకు ఈడ్పులు వస్తాయి. మేడమ్ చెప్తూ ఉంటే నేను రాసుకోవడం ఆపేసినాను. అన్నీ మా అన్న లక్షణాలే. సెలవులకు ఊరికి పోయినాను. అవ్వ నా తలకు నూనె పెడుతూ 'ఏం నేర్చుకుంటివే' అనింది. సూది వేయడం నేర్చుకున్నా అవ్వా అన్నాను. అంతే చెప్పినాను. ఆమె పోయేదాకా మిగతాది చెప్పలేదు. కొడవలిని మాత్రం పాతసామాన్లోడికి ఇప్పించినాను, కొత్త బ్లేడు, ఉడకబెట్టిన దారం అలవాటు చేయించినాను. సర్కారు మంత్రసానులకు నేర్పిన ఐదు శుభ్రాలూ అవే: చేతులు, పడక, బ్లేడు, కట్టే దారం, కోసిన బొడ్డు. ఐదోదాని కాడ మా అవ్వ నాతో చాలాకాలం పోట్లాడింది, బూడిద లేకుండా ఎట్లని.

1988లో ప్రపంచం మొత్తం మీద 7,87,000 మంది పసిబిడ్డలు ఇట్లనే పోయినారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో ఈ జబ్బును అదుపు చేసినట్టు మొట్టమొదట తేల్చింది మన ఆంధ్రప్రదేశ్‌నే, 2003లో. దేశమంతటికీ ఆ మాట దక్కింది 2015లో. అట్లని మట్టిలో ఆ క్రిమి పోయిందనుకోకండి. ఎక్కడున్నది అక్కడే ఉంది. జిల్లాలో వెయ్యి కాన్పులకు ఒక్క కేసు కూడా రాకుండా చూసుకున్నాం, అంతే. దానికి సగం కారణం శుభ్రమైన కాన్పు. మిగతా సగం కడుపుతో ఉన్నప్పుడు ధనుర్వాతం రాకుండా మీకు వేసే టీడీ సూది. ఆ సూదితో మీ ఒంట్లో తయారయ్యే రక్షణ బిడ్డకు చేరే దారి ఏదనుకున్నారు? ఈ బొడ్డుతాడే. మొదటి సూది వేయించుకుని, రెండోది నాలుగు వారాలకు వేయించుకోకుండా 'ఒకటి చాల్లే' అనేవాళ్ళు ఈ సభలో ఎవరూ లేరనే అనుకుంటున్నాను. (ఒకామె చేయి ఎత్తుతుంది. నవ్వులు.) మంచిది తల్లీ, చెప్పినావు. రేపు పొద్దున్నే పోయి వేయించుకో.

బొడ్డు కోసినాక ఏం రాయాల? ఏమీ రాయకూడదు. (గుసగుసలు) అవ్వలు నన్ను కొట్టేట్టు చూస్తున్నారు. ఆముదం వద్దు, పసుపు వద్దు, కొబ్బరినూనె వద్దు, సున్నం వద్దు, వసకొమ్ము కాల్చిన మసి వద్దు, పౌడరు వద్దు. మన దగ్గర ఎముక విరిగితే పుత్తూరు కట్టు ఉంది, దాని పేరు దేశమంతా తెలుసు. బొడ్డుకు మాత్రం ఏ కట్టూ వద్దు. మీ పసుపు, మీ ఆముదం చెడ్డవని కాదు నేననేది. కూరలో వేసుకోండి, తలకు రాసుకోండి. కానీ డబ్బాలోంచి తీసే పసుపు ఎవరి చేతిలోంచి వచ్చిందో, ఆ సీసా ఎన్నాళ్ళుగా తెరిచి ఉందో మీకు తెలుసా? బొడ్డు మొదట్లో ఇంకా పూర్తిగా మూసుకోని రక్తనాళాలు ఉంటాయి. అక్కడ చీము పడితే అది నేరుగా రక్తంలోకి పోతుంది.

ఇందులో మా తప్పు కూడా ఉంది. మేం కొన్నేళ్ళు స్పిరిటు తుడిచినాం, నీలిమందు పూసినాం, యాంటీబయాటిక్ పౌడరు చల్లినాం. చీటీ మీద కూడా రాసిచ్చినాం. ఇప్పుడు మేమే వద్దంటున్నాం. 'పోయినసారి మీరే పూయమంటిరి కదా సిస్టర్' అని ఒకామె అడిగితే నా దగ్గర సమాధానం లేకపోయింది. స్పిరిటు పూసిన బొడ్డు ఊడడం ఆలస్యమవుతుంది. ఎందుకంటే బొడ్డు ఊడడం దానంతటదే జరిగే పని. గాలి తగిలి గుజ్జులో తడి ఆరిపోతుంది, తాడు నల్లబడి ఎండుమిరపకాయలాగా ముడుచుకుంటుంది. బొడ్డు మొదలు దగ్గర బిడ్డ రక్తంలోని తెల్లకణాలు చేరి, ఎండినదానికీ పచ్చిదానికీ మధ్య గీత గీసినట్టు కరిగిస్తాయి. తల్లి ఒంటి మీద నుంచి వచ్చిన మామూలు క్రిములు కూడా ఆ పనికి సాయపడతాయి. మందులతో వాటిని చంపితే ఆ పని నత్తనడక నడుస్తుంది.

నేపాల్‌లో క్లోర్‌హెక్సిడిన్ అనే మందు పూసి బిడ్డల చావులు తగ్గించినారు కదా అని మొన్న ఒక ఆశా అమ్మాయి అడిగింది. బాగా చదివినట్టుంది. నిజమే, సర్లాహీ జిల్లాలో చేసిన ఆ పరిశోధన 2006లో వచ్చింది. అక్కడ ఎక్కువ కాన్పులు ఇంట్లోనే, బొడ్డుకు ఏవేవో పూసే అలవాటు ఎక్కువ. టాంజానియా, జాంబియాల్లో అదే మందు పెట్టి చూస్తే చావుల్లో తేడా రాలేదు. ఆసుపత్రిలో పుట్టి, బొడ్డు ఆరగా ఉన్న బిడ్డకు అది అక్కరలేదు. ఒకవేళ డాక్టరే ఇస్తే, బొడ్డుకు తప్ప ఎక్కడా పెట్టకండి. కొన్ని దేశాల్లో కంటిమందు అనుకుని బిడ్డ కళ్ళల్లో వేసి చూపు పోగొట్టినారు.

బొడ్డు వారం పది రోజుల్లో ఊడుతుంది, కొందరికి పదిహేను. మూడు వారాలు దాటితే చూపించండి. అప్పటిదాకా తొట్టి స్నానం వద్దు, కాళ్ళ మీద పడుకోబెట్టి చెంబులకు చెంబులు పోయడమూ వద్దు, తడిగుడ్డతో తుడవండి. మలం అంటితే మంచినీళ్ళతో కడిగి మెత్తని గుడ్డతో అద్ది ఆరనీయండి. వేలాడుతోంది కదా అని లాగకండి. ఊడేటప్పుడు చొక్కాకు రెండు చుక్కల రక్తం అంటితే భయపడేది లేదు. ధారగా కారితే శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టుకుని ఆసుపత్రికి రండి. అందుకేనమ్మా పుట్టగానే, రక్తం గడ్డకట్టడానికి సాయపడే విటమిన్ కె సూది వేశారా అని అడగమనేది.

ఆశా తల్లులూ, మీరు ఇంటికి పోయే మూడో రోజు, ఏడో రోజు బట్ట విప్పి చూడాల్సిందే. బిడ్డ నిద్రపోతోంది అంటే కూర్చోండి. చూడాల్సింది బొడ్డును కాదు, బొడ్డు చుట్టూ ఉన్న చర్మాన్ని. ఎండిన ముక్క నల్లగా, కొంచెం వాసనగా, మొదట్లో కాస్త జిగటగా ఉండడం మామూలే. చుట్టూ ఎర్రబడి ఆ ఎరుపు పొట్ట మీదికి పాకుతున్నా, వాపున్నా, చీము కారుతున్నా, కుళ్ళు వాసన కొడుతున్నా, బిడ్డ పాలు మానినా, ఒళ్ళు కాలినా చల్లబడినా 108కు ఫోన్ చేయండి. రేపు పొద్దున చూద్దాం అనే మాట వద్దు. తొమ్మిదో రోజు బిడ్డను ఒకసారి నా దగ్గరికి తెచ్చినారు, వసకొమ్ము మసి కడిగితే కింద పొట్టంతా ఎరుపే. పది రోజులకు పైగా సూదులు వేస్తే బతికింది. ఆ అవ్వ అన్ని రోజులూ వార్డు బయట మెట్ల మీదే ఉంది, అన్నం ముట్టలేదు. ప్రేమ లేక పూసిందా ఆమె?

ఇంక మీ ప్రశ్నలు.

(ప్రశ్న: పేగు మెడకు చుట్టుకుని పుడితే మేనమామకు గండం అంటారు...)

వచ్చింది మేనమామ ప్రశ్న! ఇది రాని సభ లేదు. నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరికి తాడు మెడలో చుట్టుకునే ఉంటుంది. లెక్క ప్రకారం అయితే చిత్తూరులో మేనమామలెవరూ మిగలకూడదు. (నవ్వులు) ఎక్కువసార్లు వదులుగా ఉంటుంది, తల వచ్చినాక దండ తీసినట్టు తీసేస్తాం. మేనమామను పిలిచి నూనెలో బిడ్డ ముఖం చూపిస్తారా, చూపించండి, నాకేం అడ్డం లేదు. ఆ నూనె మాత్రం బొడ్డు మీద పడనీయకండి.

(ప్రశ్న: బొడ్డు పైకి ఉబ్బి ఉంటే రూపాయి బిళ్ళ కట్టచ్చా?)

వద్దు. ఎక్కువమందికి పొట్ట కండరం గట్టిపడే కొద్దీ అదే లోపలికి పోతుంది, రెండు మూడేళ్ళు, కొందరికి నాలుగైదు. బిళ్ళ కింద చెమట, పుండు తప్ప ఏం రాదు. ఉబ్బు గట్టిపడి, రంగు మారి, బిడ్డ వాంతులు చేసుకుంటే మాత్రం వెంటనే రండి. ఊడినాక లోపల ఎర్రగా చిన్న కండలాగా మిగిలి తడి కారుతుంటే దానికి వేరే చికిత్స ఉంది, చిన్నదే, చూపించండి.

(ప్రశ్న: బొడ్డుతాడు రక్తం దాచిపెట్టుకోమని ఫోన్లు చేస్తున్నారు, వేలకు వేలు...)

కడుపుతో ఉన్న సంగతి మొగుడికంటే ముందు వాళ్ళకే తెలుస్తుంది. (నవ్వులు) బొడ్డు రక్తంతో వైద్యం నిజమే. 1988లో పారిస్‌లో ఒక పిల్లవాడికి తన చెల్లెలి బొడ్డు రక్తం ఎక్కించి బాగుచేసినారు. ఇంట్లో ఇంకో బిడ్డకు రక్తం జబ్బు ఉంటే డాక్టరుతో మాట్లాడండి. ఏ జబ్బూ లేకుండా, ముందుముందు తనకే పనికొస్తుందని డబ్బు కట్టి దాచుకోవడాన్ని మన భారత వైద్య పరిశోధన మండలి కూడా సమర్థించలేదు. నా మాట అయితే, ఆ రక్తం దాచడానికి అన్నిటికంటే మంచి చోటు బిడ్డ ఒళ్ళే. మూడు నిమిషాలు ఆగితే చాలు, ఫీజు లేదు.

(ఒక అవ్వ: ఊడిన బొడ్డును వెండి తాయెత్తులో పెట్టి కడతాం మేము. అదీ వద్దంటావా?)

వద్దనను అవ్వా. మా అమ్మ నాది కూడా దాచింది. బాగా ఎండనిచ్చి తాయెత్తులో పెట్టి బీరువాలో దాచుకో. నెలల బిడ్డ మెడకు మాత్రం దారం వేయవద్దు, బిగుసుకుంటుంది.

(అదే అవ్వ: ఏమీ పూయకూడదు, కట్టకూడదు, పోయకూడదు. మరి మేమేం చేయాల?)

రా అవ్వా, ఇట్ల రా. ఇదిగో ఈ బొమ్మ నీ మనవరాలు. చేతులు సబ్బుతో కడుక్కున్నావా? కడుక్కుని రా, అక్కడ కొళాయి ఉంది. మీరందరూ చూడండి. ఎండలో బాగా ఆరిన పాత నూలు గుడ్డ, ఇట్ల మూడు మూలలుగా మడవాల. కాళ్ళ మధ్య నుంచి తెచ్చి... ఆ, ఇప్పుడు చెప్పు, ఎక్కడ ముడి వేస్తావు? బొడ్డు మీదనా? విప్పు. బొడ్డు కిందికి మడుచు, ఇంకొంచెం కిందికి. క్లిప్పు బయటికి కనపడాల. ఊఁ, కట్టు. ఇప్పుడు ఎత్తుకో.